నోరు కట్టుకున్న ఆరు వారాలు

హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో అతను ఇరవై ఆరేళ్ళుగా రోలరు దగ్గర పనిచేస్తున్నాడు. అటువైపు ఇద్దరు తడి దుప్పటి కొసలు పట్టుకుని రోలర్ల మధ్యకు తోస్తారు. ఇటువైపు అది ఎండి, పొగలు కక్కుతూ బయటికొస్తుంది. దాన్ని అందుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషితో కలిసి నాలుగు మడతలు పెట్టి దొంతర మీద వెయ్యాలి. షిఫ్టుకు ఆరు వందల దుప్పట్లు. మాట్లాడే అవసరం లేదు, మాట్లాడినా ఆ హోరులో వినపడదు. ఆ ఉద్యోగం ఇతని కోసం పుట్టిందో, ఇతనే దాని కోసం పుట్టాడో గాని, ఒకరి మీద ఒకరికి ఏనాడూ ఫిర్యాదు లేదు. తోటివాళ్ళు అతనికి మూగెద్దు అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచినా పలికేవాడు, అదీ తల తిప్పి చూసి.

ఇంట్లో భార్య ఉంది. మేనత్త కూతురే. చిన్నప్పటినుంచీ బావా అనే పిలుపు, పెళ్ళయ్యాక కూడా అదే. ఆవిడ టైలరు కొట్లో కాజాలు, బొత్తాలు కుట్టే పని చేసేది. అక్కడ పొద్దంతా విన్నదంతా మోసుకొచ్చి, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. ఎవరి జాకెట్టు బిగుతైంది, ఎవరి మొగుడికి బదిలీ అయింది, మేడ మీద టీచరమ్మ పిల్లిని తెచ్చుకుని దానికి పేరు పెట్టలేక ఎన్ని తంటాలు పడుతోంది, అన్నీ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అతను అన్నం తింటూ ఊఁ అనేవాడు. ఆ ఊఁ కూడా సమయానికి రాకపోతే ఆవిడే అనుకునేది. ఆ ఇంట్లో రేడియో ఒకటి, అది పెట్టుకునే బల్ల ఒకటి అని మెట్ల దగ్గర జనం నవ్వుకునేవాళ్ళు.

పదకొండేళ్ళ కిందట ఆవిడ తల్లి పోయింది. అంటే అతనికి సొంత మేనత్త. తల్లి లేని పిల్లాడని ముద్దలు కలిపి పెట్టిన మనిషి. అతను ఏడవలేదు. మూడో రోజే షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మనసులో ఏమీ లేక కాదు. ఉన్నది ఎక్కడుందో అతనికి దొరకలేదు. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబెట్టి, అమ్మ పోతే కంట చుక్క నీరైనా రాలేదేమని అడిగింది. జవాబు రాకపోయేసరికి అనేసింది: "నీది చర్మం కాదు బావా, తోలు. ఏదీ తగలదు. చూస్తూ ఉండు, ఒకనాటికి ఆ తోలే నిన్ను తింటుంది."

ఆ మాట అన్న నోటి తడి ఆరకముందే, అంటే ఆ చలికాలంలోనే, దురద మొదలైంది. ముందు పిక్కలు. తర్వాత మోచేతుల మడతలు, నడుము, వీపు. చర్మం ఎండిపోయి బూడిద రంగుకు తిరిగింది. గోకితే తెల్ల గీతలు, ఇంకా గోకితే ఎర్ర గీతలు. చొక్కా విప్పి దులిపితే పొట్టు రాలేది. చర్మం డాక్టరు చూసి ఎగ్జిమా అన్నాడు, ట్యూబులు రాశాడు. ట్యూబు ఉన్నన్నాళ్ళు తగ్గేది, ట్యూబు అయిపోగానే తిరిగొచ్చేది. రోజంతా వేడి, ఉతుకు పొడి, గంజి మధ్య నిలబడేవాడికి ఇంకేమవుతుంది. అతను మాత్రం ఏమీ అనేవాడు కాదు. తలుపు చెక్కకు వీపు ఆనించి అటూ ఇటూ రాపాడించుకునేవాడు. ఆవిడే దువ్వెన పట్టుకుని వచ్చి గోకుతూ తిట్టేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇరుగుపొరుగు ఆవిడను ఆటపట్టించేవాళ్ళు. ఆ దురద ఎందుకో ఆవిడకు తెలుసు. పదకొండేళ్ళుగా ఆ మాట ఆవిడ లోపల ముల్లులా ఉంది, అంత మాట్లాడే మనిషి దాని గురించి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆవిడే వాకబు చేసి అతన్ని ఆకుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డెబ్బై దాటిన ఆయుర్వేద వైద్యురాలు. గది నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, నూనె వాసన, గోడకు కాలెండరు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"నిద్ర పడుతుందా?"

అతను నోరు తెరిచాడు. భార్య చెప్పేసింది. "ఎక్కడమ్మా. పక్కమీద సగం రాత్రి గోకుడే. నా నిద్ర కూడా అందులోనే పోతుంది."

"విరేచనం?"

"రెండు రోజులకోసారి. అదీ అడిగితే చెప్పడు, లెక్క నేనే పెట్టుకోవాలి."

"స్నానానికి ఎలాంటి నీళ్ళు?"

"సలసల కాగేవి. ఎంత వేడైతే అంత హాయి అంటాడు. అంటే, అనడు. మొహం చూసి నేననుకోవాలి."

డాక్టరమ్మ కళ్ళు తెరిచి నాలుక చూసింది, పిక్కల మీద వేలితో గీసి చూసింది. ఒంట్లో వాతం పెరిగి చర్మంలో జిడ్డు ఎండిపోయిందన్నది. "ఇది పూర్తిగా వదిలే జబ్బు కాదు. మచ్చిక చేసుకుంటే చెప్పిన మాట వింటుంది." కాగే నీళ్ళు మానేసి గోరువెచ్చని నీళ్ళు. సబ్బు బదులు పెసరపిండి. స్నానానికి అరగంట ముందు, వేపాకు, మంజిష్ఠ వేరు వేసి కాచిన నువ్వుల నూనె ఒళ్ళంతా మర్దన చెయ్యాలి. తుడుచుకున్నాక, ఒంటి మీద చెమ్మ ఆరకముందే ఇంకో పూత. పడుకునే ముందు త్రిఫల చూర్ణం. పనిలో చేతులకు నూలు తొడుగులు. ఎక్కడైనా పగిలి చీము పడితే తన దగ్గరికి కాదు, నేరుగా చర్మం డాక్టరు దగ్గరికే పోవాలన్నది. చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు భార్య మీదే. వండేది, పెట్టేది, రాసేది ఎవరో ఆవిడకు తెలియదా?

చివరికి కళ్ళజోడు తీసి అన్నది: "ఇవన్నీ ఒక ఎత్తమ్మా. ముందు నోరు కట్టుకోవాలి. ఆరు వారాలు. నోరు కట్టుకోకపోతే నేనిచ్చేదంతా బూడిదలో పోసిన పన్నీరే."

భార్య నోరు టక్కున మూతపడింది.

బస్సులో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాడు. ఇంటికొచ్చాక మందుల సంచి బల్ల మీద పెట్టి, చిన్న గొంతుతో అడిగింది. "బావా, అమ్మ పోయినప్పుడు నేనన్న మాట నీకు గుర్తుందా?"

"ఏ మాట?"

"తోలు మాట."

గుర్తుందన్నట్టు తల ఊపాడు.

"అదే తగిలింది నీకు. నాడి పట్టుకునే కనిపెట్టేసింది ఆవిడ. నా మొహం చూసే అన్నది, విన్నావుగా. పదకొండేళ్ళు నీ పక్కన కూర్చుని ఇంత నోరేసుకుని వాగుతున్నాను, ఇక తగ్గమంటే ఎలా తగ్గుతుంది. ఈ ఆరు వారాలూ కట్టుకుంటాను బావా."

అతనికి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకునే ఓపిక లేదు. ఊఁ అన్నాడు.

మూడో రోజు చూర్ణం పొట్లం కోసం సంచి తడిమితే అడుగున ఒక కాగితం దొరికింది. పైన పెద్ద అక్షరాలతో: నోరు కట్టుకోవలసినవి. కింద వరుసగా: పులుపు, పచ్చళ్ళు, వంకాయ, ఎండు చేప, రాత్రిపూట పెరుగు, అతి కారం, అతి ఉప్పు. నోరు కట్టుకోవడమంటే పథ్యం. ఎవర్నడిగినా చెబుతారు. నాలుక చాపల్యం అణచుకోమంటే, ఆ పిచ్చిది నాలుకనే అణచుకుంది. అతనికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకొచ్చిందో ఆ నవ్వు. కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. వీపు ఇటు. నూనె కాగుతోంది. గరిటె చప్పుడు, అది తప్ప ఇంకేమీ లేదు. షిఫ్టు చివర రోలరు కట్టేస్తే ఒక్కసారిగా చెవులకు ఎంత సుఖంగా ఉంటుందో అంత సుఖంగా ఉంది ఇల్లు. అతను గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు.

"పులుపు వద్దట. వంకాయ కూడా. పచ్చళ్ళు మానెయ్యాలట," అన్నాడు.

ఆవిడ సరేనని తల ఊపింది. మర్నాడు ఆ కాగితం లాండ్రీలో అతని బీరువా అరలోకి చేరింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. దుర్మార్గుడు కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. వెధవ బద్ధకం, దానికితోడు కాసింత సుఖం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకునేవాళ్ళందరూ ఇలాగే మొదలుపెడతారు.

మడతల దగ్గర ఎదురుగా నిలబడే ఆవిడ టీ వేళ అడిగింది. "ఏమన్నా, మొహం తేటగా ఉందీ?"

"ఇంట్లో ప్రశాంతంగా ఉంది," అన్నాడు.

"అయ్యో, ఎవరు పోయారు?"

రోజూ పొద్దున ఆవిడ అతన్ని పీట మీద కూర్చోబెట్టి నూనె రాసేది. మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా, తర్వాత చేతులు, పిక్కలు. అరచేతితో పొడవుగా, కీళ్ళ దగ్గర గుండ్రంగా, డాక్టరమ్మ చూపించినట్టే. ఒక్క మాట లేదు. ఎత్తమనడానికి చెయ్యి తట్టేది, తిరగమనడానికి భుజం తట్టేది. రెండో వారానికి పొట్టు రాలడం తగ్గింది. మూడో వారానికి పిక్కల మీద బూడిద రంగు పోయి మామూలు రంగు తేలింది. దురద ఉండేది గాని, పిలవగానే గోళ్ళు పరిగెత్తేంత కాదు.

ఒకరోజు ఆవిడ అతని పిక్క మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. నున్నగా ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. సంతోషమనుకున్నాడు. ఎంత తెలివితక్కువవాడైనా అంత కనపడకుండా ఎలా ఉంటుందో నాకు తెలియదు. మొగుడి ఒళ్ళు రోజురోజుకీ బాగుపడుతుంటే, ఆ మనిషికి రోజురోజుకీ రుజువవుతున్నది ఒక్కటే: పదకొండేళ్ళూ అతన్ని తిన్నది తన నోరేనని.

నాలుగో వారంలో అతను బస్సు దిగి నడుస్తుంటే టైలరు ఎదురయ్యాడు. చేతిలో కూరగాయల సంచి.

"బావగారూ, చెల్లెమ్మ ఎలా ఉంది? ఇంట్లోనే ఉంటోందా?"

అర్థం కానట్టు చూశాడు.

"కొట్టు మూసేసి తొమ్మిది రోజులైందిగా. నా కళ్ళు ఇక ఆనడం లేదు. మిషన్లు కూడా ఇచ్చేశాను. పందొమ్మిదేళ్ళు చేసింది నా దగ్గర. వెళ్ళేరోజు కూడా ఏమీ అనలేదు. చెల్లెమ్మ ఏమీ అనకుండా వెళ్ళడం నాకింకా మింగుడు పడటం లేదు."

తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే అతనితోపాటే చెప్పులు వేసుకుని బయల్దేరింది ఆవిడ. ఎక్కడికి వెళ్ళేదో, ఎక్కడ కూర్చునేదో.

ఇంటికెళ్ళి అడిగాడు. "కొట్టు మూసేశాడటగా?"

ఆవిడ తల ఊపింది.

"చెప్పలేదేం?"

ఆవిడ గోడ మీద కాలెండరు చూపించి రెండు వేళ్ళు ఎత్తింది. ఇంకా రెండు వారాలు. ఆ తర్వాత చెబుతానన్నట్టు కొద్దిగా నవ్వింది కూడా.

ఆ క్షణాన చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. కానీ ఇప్పుడు చెప్పాలంటే కాగితం సంగతి చెప్పాలి, కాగితంతోపాటు ఇరవై ఐదు రోజుల సంగతీ చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చుని అన్నం తిన్నాడు. ఇంకెన్నాళ్ళులే, రెండు వారాలేగా అనుకున్నాడు.

ఆ రెండు వారాలు మాత్రం ఓ పట్టాన గడవలేదు. మేడ మీద పిల్లికి ఏం పేరు పెట్టారో అతనికి తెలియదు. కింది ఇంటి ముసలాయన కనపడటం లేదు, ఊరెళ్ళాడో, పోయాడో తెలియదు. ఈ వీధిలో ఇన్నేళ్ళు బతికిందంతా ఆవిడ నోటి మీదుగానే బతికాడని అప్పుడు తెలిసింది. తను చూసినవంటూ ఏమీ లేవు, దుప్పట్లు తప్ప. అన్నం ముందు కూర్చుని అలవాటుగా ఊఁ అన్నాడొకసారి. అంతకుముందు ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ కంగారుగా చూసి నీళ్ళ గ్లాసు అందించింది. అతనికి సిగ్గేసింది. ఎన్నో ఏళ్ళకు అతనికి స్పష్టంగా తెలిసిన భావం అదొక్కటే, సిగ్గు.

నలభై మూడో రోజు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పిక్కలు చూసింది, వీపు చూసింది. తృప్తిగా తల ఆడించింది. "బాగా చేశావమ్మా. ఇంత గట్టిగా నోరు కట్టించినవాళ్ళు నా దగ్గరికొచ్చేవాళ్ళలో తక్కువ."

భార్య గొంతు సవరించుకుంది. వాడక గొంతు తుప్పు పట్టినట్టుంది. "కట్టుకున్నానమ్మా. నలభై రెండు రోజులు. అవసరానికి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్క ఫోను చేసినా ఎత్తలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నువ్వెందుకు మాట్లాడకపోవడం?"

"మీరేగా నోరు కట్టుకోమన్నారు."

"తిండికమ్మా. పులుపు, పచ్చళ్ళు." డాక్టరమ్మ నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆపేసింది. "కాగితం రాసి సంచిలో పెట్టానే. అందులో వివరంగా ఉంది."

"ఏ కాగితం?"

పులుపు వద్దని, వంకాయ వద్దని వరుస తప్పకుండా చెప్పినవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆవిడ నెమ్మదిగా అటు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

అబద్ధమాడొచ్చు. బుర్రకు అంత చురుకు లేదు. "మూడో రోజు."

"కొట్టు మూసినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"నా నోరే నిన్ను తిందనుకున్నాను. నువ్వు బాగుపడుతుంటే, ఈ నోరు ముందే పడిపోయి ఉంటే బాగుండేదనుకున్నాను. అది కూడా తెలుసా?"

అది తెలియదు. తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. నూనె పట్టి గోళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. "నేను మాట్లాడకపోతే నీకు హాయిగా ఉందా?"

ఏ మొగుడైనా ఇక్కడ లేదని అనాలి. బొత్తిగా బుద్ధిలేని మొగుడికి కూడా అది తెలుసు. అతను బాగా ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మొదట్లో."

డాక్టరమ్మ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. భార్య ఏడవలేదు, తిట్టలేదు. సంచి సర్దుకుంది. తిరుగు బస్సులో పక్క సీటు మనిషితో మాట కలిపింది. దిగేదాకా మాట్లాడుతూనే ఉంది. అతను వెనక సీట్లో కూర్చుని ఆవిడ జడ చూస్తూ వచ్చాడు.

పథ్యం నడుస్తూనే ఉంది. పొద్దున గోరువెచ్చని నీళ్ళు సిద్ధంగా ఉంటాయి, పెసరపిండి గిన్నెలో ఉంటుంది, వీపుకు నూనె కూడా రాస్తుంది. ఏ ఒక్క పనిలోనూ వంక పెట్టడానికి లేదు. అన్నం పెట్టాను, కరెంటు పోయింది, అక్క వస్తానంది. కావలసిన మాటలన్నీ మాట్లాడుతుంది. కావలసినవే మాట్లాడుతుంది.

ఒకరోజు అతనే మొదలుపెట్టాడు. "ఇవాళ దుప్పట్లలో ఎవరిదో ఉంగరం దొరికింది."

"అలాగా," అన్నది.

తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. ఉంగరం ఎవరిదో, ఏమైందో, ఆవిడైతే గంటసేపు చెప్పేది. అతనికి అక్కడితో అయిపోయింది.

"పోనీ ఓసారి తిట్టవే నన్ను," అన్నాడు.

"తిట్టడానికేముంది బావా," అని కూర గిన్నె ఇటు జరిపింది.

ఇప్పుడు దురద లేదు, దాదాపుగా. చలికాలంలో కూడా పిక్కలు నున్నగానే ఉన్నాయి. షిఫ్టు దిగి సాయంత్రం ఇంటికొస్తాడు, మూడో అంతస్తు మెట్ల మీదికి రాగానే ఆగిపోతాడు. తలుపు అవతల ఆవిడ గొంతు. అక్కతో ఫోనులోనో, వచ్చి కూర్చున్న పక్కింటావిడతోనో. గుక్క తిప్పుకోకుండా, మధ్యలో తనే నవ్వుకుంటూ, ఎవరి గొంతులో వాళ్ళ మాట అనుకరిస్తూ. తాళం చెవి తిప్పితే ఆ గొంతు ఆగుతుందని అతనికి తెలుసు. కనక తిప్పడు. సంచి కింద పెట్టి, గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చుంటాడు.

మొన్న టీచరమ్మ పైకి వెళ్తూ ఆగింది. "ఏమండీ, ఇక్కడ కూర్చున్నారు? ఇంట్లో లేరా?"

"ఉంది," అన్నాడు. "మాట్లాడుతోంది. అయిపోనివ్వండి."